ఏడో సీనులో బొట్టు

మొన్న పెన్షన్ కాగితాలు జెరాక్స్ తీయించడానికి వెళ్ళాను. షాపు అబ్బాయి మెషీన్‌లోంచి వచ్చిన కట్టను అలాగే తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. కాగితాలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఆ వేడి, ఆ ఇంకు వాసన తగిలేసరికి వచ్చిన పని మరిచిపోయి కౌంటరు దగ్గరే నిలబడిపోయాను. "ఏటి సార్, తప్పొచ్చిందా?" అన్నాడు అబ్బాయి. తప్పేమీ రాలేదు. సన్యాసిరావు గారు గుర్తొచ్చారు.

ఆయన సినిమాల్లో కో-డైరెక్టరు. డైరెక్టరు మనసులో ఉన్నదాన్ని ఏ రోజుకారోజు పనిగా మార్చి యూనిట్ మొత్తాన్ని నడిపించే మనిషి. ఆయన పేరు తెర మీద పడే వేళకి జనం ఇంకా చీకట్లో సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. పుట్టింది సబ్బవరం దగ్గర రైతుల ఇంట్లో. చాలా ఏళ్ళు మద్రాసులో పనిచేసి, వయసు మీద పడ్డాక తిరిగొచ్చి మల్కాపురంలో అద్దెకుండేవారు. విశాఖలో ఏ షూటింగు జరిగినా ఆయనకు కబురొచ్చేది. మనిషి మహా కోపిష్టి. నేనా, పోర్టులో గుమస్తాని. కథలు రాసేవాణ్ణి. పత్రికల్లో నాలుగు కథలు పడేసరికి నేల మీద నడిచేవాణ్ణి కాదు. మా ఇద్దరికీ పొత్తు కుదరడం దేవుడి విడ్డూరమే.

తొంభైల చివర నా కథ ఒకటి టీవీకి టెలిఫిల్మ్‌గా తీస్తామన్నారు. పేర్లు మార్చాను గానీ అది మా ఇంటి కథే. ఆ సంగతి సన్యాసిరావు గారికి ఒక్కరికే చెప్పాను. మాది జాలరిపేట. మా అన్నయ్య చేపల వేటకు వెళ్ళిన రోజు గాలి తిరిగింది. విరిగిన తెప్ప ఒడ్డుకొచ్చింది, అన్నయ్య రాలేదు. శవం దొరకలేదు కాబట్టి కర్మకాండ జరిపించడానికి అమ్మ ఒప్పుకోలేదు. "నా కొడుకు ఏ ఒడ్డునో ఉన్నాడు, వత్తాడు," అనేది. అలా ఏళ్ళు గడిచాయి. వదిన నూకరత్నం మాతోనే ఉండి, హార్బరులో చేపలు కొని వీధుల్లో అమ్మేది. ఈ కథ రాయడానికి నాకు హక్కు ఉందా అన్న అనుమానం అప్పట్లో నాకు రాలేదు. మా ఇల్లే కదా!

స్క్రీన్‌ప్లే రాసి ఇచ్చాక ఒక ఉదయం సన్యాసిరావు గారు అందర్నీ లాడ్జి గదిలో కూర్చోబెట్టి తలా ఒక కాపీ పంచారు. అప్పుడే జెరాక్స్ తీయించిన వేడి కాగితాలు. నా రచన నన్నే చదివి వినిపించమంటారేమో అనుకుని గొంతు సవరించుకున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఇది వినడానికి కాదు బాబూ. కథలో నువ్వొక్కడివే పని సేత్తావు. ఇందులో అందరూ సెయ్యాల. ఎవలి పని ఆలు ఎతుక్కుంటారు, నువ్వు పల్లకో," అన్నారు. నాకు మండింది.

ఏడో సీను దగ్గర అందరూ ఆగారు. అందులో నేను రాసింది ఒకే వాక్యం: 'సముద్రమంత దుఃఖాన్ని కళ్ళలో దాచుకుని ఆమె రాని మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.' ఆ వాక్యం రాసిన రోజు ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు. కెమెరామన్ పెన్సిలు చెవికి పెట్టుకుని, ఆమె గుమ్మంలో ఉందా గదిలో ఉందా, పొద్దునా సాయంత్రమా అని అడిగాడు. మన సముద్రం తూర్పున కదా, సాయంత్రమైతే సముద్రం వైపు తిరిగిన ముఖం నీడలో పడుతుంది, పొద్దున్నైతే కళ్ళు చిట్లిస్తుంది, రెండూ రెండు రకాల ఎదురుచూపులన్నాడు. ఆర్ట్ డైరెక్టరుకి ఆ రాని మనిషి వల ఇంకా గోడకి వేలాడుతోందో, ఎవరికైనా ఇచ్చేశారో కావాలి. సౌండు చూసేవాడు, "మాటల్లేవు. మరి ఏం వినపడాలి? కెరటాలా? రోజూ వినేవాళ్ళకి కెరటాలు వినపడవే," అన్నాడు. అందరూ చదివింది ఆ ఒక్క వాక్యమే, తలా ఒకచోట కాలు తట్టుకుని ఆగారు. చివర్న మేకప్‌మ్యాన్, పెద్దాయన, మెల్లగా అడిగాడు.

"సార్, ఈ సీనులో ఆవిడికి బొట్టు ఉంటాదా, ఉండదా?"

"అంత చిన్న విషయం నన్నడగడం ఎందుకండీ, మీ ఇష్టం," అన్నాను.

సన్యాసిరావు గారు కాగితాలు మంచం మీద పడేశారు. "సిన్న విసయమా? రేపు ఆ అమ్మాయి అద్దం ముందు కూకుంటాది. ఈయన బొట్టు పట్టుకుని ముందు నిలబడతాడు. పెట్టాలా, వద్దా? నీ సముద్రమంత దుక్కం అప్పుడేటి సెప్తాది?"

హైదరాబాదు నుంచి వచ్చిన డైరెక్టరు మంచివాడే, గొడవ సర్దబోయాడు. శవం ఒడ్డుకి కొట్టుకొచ్చే సీను ఒకటి పెడదామన్నాడు. అంతవరకు బొట్టు ఉంటుంది, ఆ తర్వాత తుడిచేస్తారు, ఏడుపు కూడా బాగా పండుతుంది. "శవం వచ్చేసుంటే ఈ బాబు ఈ కథే రాయడు సార్," అని సన్యాసిరావు గారు నన్ను వరండాలోకి లాక్కొచ్చారు. గొంతు తగ్గించి, "మీ వదినమ్మ పెట్టుకుంటాదా?" అని అడిగారు.

రోజూ ఆవిడ చేతి కూడు తినేవాణ్ణి. ఆ ముఖం తలుచుకుంటే ఒకసారి బొట్టుతో కనిపించింది, ఒకసారి లేకుండా. "ఎల్లి అడుగు. మీ యమ్మని కాదు, ఆవిణ్ణే అడుగు. నువ్వు అడిగొచ్చీదాకా ఏడో సీనుకి నాను తేదీ వెయ్యను," అన్నారు.

మర్నాడు అమ్మ పక్కింటికి వెళ్ళినప్పుడు అడిగాను. వదిన పెరట్లో కూర్చుని చేపల బేసిను తోముతోంది. పీచు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"సినిమాకి అడుగుతన్నావా బాబూ, నీకోసం అడుగుతన్నావా?"

"రెండింటికీ," అన్నాను.

ఆవిడ సత్తు బేసిను బోర్లించి చూపించింది. అంచు కింద జిగురు మరకలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. "ఇంట్లో ఉంటే పెట్టుకోవాల. లేపోతే మీ యమ్మ కూడు తినదు, నా కొడుకుని సంపేత్తన్నావా అంటాది. హార్బరుకాడికెల్తే అక్కడాలు సూత్తారు, మొగుడు పోయినా దీనికి బొట్టు కావాలట అంటారు. అందుకే వీధి మలుపులో బొట్టుబిళ్ళ తీసి దీనికి అంటిత్తాను. వచ్చినప్పుడు మల్లీ పెట్టుకుంటాను." పీచు బూడిదలో అద్దింది. "తియ్యమన్నోలున్నారు, ఉంచమన్నోలున్నారు. నీకేటి కావాలే అని నన్నడిగినోలు లేరు. నువ్వే అడిగినావు."

"నీకేం కావాలి వదినా?"

"ఇప్పుడడిగితే నాకేటి తెలుత్తాది? ఆ ఊసే మర్సిపోనాను."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. లేచి బేసిను ఎండలో పెట్టింది.

ఈ సంగతి చెబితే సన్యాసిరావు గారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. గంతేయలేదు. ఆ సాయంత్రమే చొక్కా మార్చుకుని మా ఇంటికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి వదినతో మాట్లాడారు. "అమ్మా, నీ సంగతి బొమ్మలో పెట్టుకోమంటే పెట్టుకుంటాం. వద్దంటే మానేత్తాం. నీకు సెడ్డ జరిగితే బొమ్మెందుకు మాకు?" అన్నారు. వదిన తల దించుకుని, "మాయత్త సూత్తాది గదండీ," అంది. "సూత్తాదమ్మా. అబద్దం ఆడను." ఆవిడ తల ఎత్తింది. "సూడనీండి," అంది.

నేను సముద్రమంత దుఃఖాన్ని కొట్టేసి కొత్త వాక్యం రాశాను: 'మలుపు తిరగ్గానే ఆమె బొట్టు తీసి బేసిను అంచు కింద అంటిస్తుంది.' దాన్ని చదివి ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, అందరూ లేచి పనిలో పడ్డారు. ఎండకి నల్లబడ్డ నుదుటి మీద రోజూ జిగురు తగిలే చోట చర్మం తెల్లబడుతుందని మేకప్ పెద్దాయన ఆ చోటు మీదే గంటసేపు కూర్చున్నాడు. ఆర్ట్ డైరెక్టరు కొత్త బేసినుకి జిగురు మరకలు పాతబడేలా పట్టించాడు. కెమెరామన్ ఆమె ముఖాన్ని వదిలేసి చేతిని పట్టుకున్నాడు. సౌండు అబ్బాయి ఆమె అడుగులు ఆగడం, మళ్ళీ మొదలవడం వినిపిస్తే చాలన్నాడు. రిహార్సల్ చూసిన డైరెక్టరు శవం సీను కాగితాన్ని తనే మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా పక్కన నిలబడ్డ సన్యాసిరావు గారి కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చూశానని తెలిసి లైట్‌బాయ్‌ని అకారణంగా తిట్టారు.

టెలిఫిల్మ్ ఒక ఆదివారం మధ్యాహ్నం వేశారు. ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆ చెయ్యి తెర మీద బొట్టు తీసినప్పుడు అమ్మ అర్థం కానట్టు చూసింది. బేసిను కింద అంటించినప్పుడు వదిన వైపు తిరిగింది. తర్వాతి సీన్లు చూడలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి బేసిను బోర్లించి, అంచంతా వేళ్ళతో తడిమింది. దగ్గరి వస్తువులు ఆవిడకి ఆనవు. ఇంట్లోకి వచ్చి వదిన ముందు చతికిలబడి, "తియ్యాలనుంటే తీసెయ్యే. ఉంచాలనుంటే ఉంచుకో. నాకోసం ఒద్దు," అంది. అన్నయ్య పోయాడని అమ్మ ఒప్పుకోవడం నేను విన్నది అప్పుడే. మర్నాడు వదిన బొట్టు పెట్టుకునే హార్బరుకి వెళ్ళింది. మలుపులో తీయలేదు. ఎవరో ఏదో అన్నారట. "నాను ఉంచుకున్నాను, మీకేటి?" అని తూకం చూసుకుందట.

ఇదంతా చెప్పడానికి మల్కాపురం వెళ్తే సన్యాసిరావు గారు చివరిదాకా విని, "ఇంక బొమ్మ ఎవలు సూసినా సూడకపోనా పరవాలేదురా," అన్నారు. నన్ను 'రా' అనడం అదే మొదలు. ఆ తర్వాత ఆరేడేళ్ళే ఉన్నారు. ఊపిరితిత్తులు పాడై పోయారు. ఆయన పోయిన రోజు మా నాన్న పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చాను.

ఇప్పటికీ ఒక మనిషి గురించి రాయాలంటే ముందు వెళ్ళి ఆ మనిషి ముందు కూర్చుంటాను. వద్దంటే మానేస్తాను. అలా మానేసిన కథలు చాలానే ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కాగితాలు ముందేసుకున్నప్పుడల్లా వదిన వెటకారంగా, "ఈసారి ఎవల్ని అడిగినావు బాబూ?" అంటుంది. నిన్న కూడా అడిగింది. సన్యాసిరావు గారి గురించి రాస్తున్నానని చెప్పాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"నువ్వెల్లి అడగలేవు గదా," అంది. "అలగయితే ఆయన కోప్పడీది కూడా రాయి. మంచోడని ఒక్కటే రాత్తే ఒప్పుకోడు."