తొమ్మిదో రోజు ఎండ

ఎల్లారెడ్డి బస్టాండు పక్క చాయ్ హోటల్లో రాజలింగు చెప్పిన ప్రకారమైతే, అతను పెంచిన వరి నారు వెలుగు చూసి పోచారం చెరువులో చేపలు పొద్దు పొడిచిందనుకుని ఎగిరి గట్టున పడ్డాయి. డిగ్రీ రెండో ఏడాదిలో తాను కాలేజీ వదల్లేదని, కాలేజీయే తన తెలివిని తట్టుకోలేక చేతులెత్తేసిందని కూడా అతను అక్కడే చెప్పాడు. వినేవాళ్లు చాయ్ చల్లారేదాకా నవ్వారు.

నిజానికి అతను కామారెడ్డి శివారులో ఒక విత్తన పరిశోధన కేంద్రంలో సహాయకుడు. నారు పెంచడం, గాజుసామాను కడగడం అతని పని. అయితే వెలుగు సంగతి మాత్రం పూర్తిగా కోతలు కాదు.

ఆ కేంద్రంలో సాయిలత అనే శాస్త్రవేత్త రెండేళ్లుగా ఒక పెత్తందారును వెతుకుతోంది. జన్యువుల్లోనూ పెత్తందార్లుంటాయి. మిగతావాటిని లేపేవీ, పడుకోబెట్టేవీ అవే. నీళ్లు కరువైనప్పుడు వరిని కాపాడే జన్యువు ఒకటుంది. దాన్ని నిద్ర లేపేది ఏదో తేలాలి. అనుమానం ఉన్నవి నాలుగు వందల ఎనభై. వరి కాడల్ని బ్లేడుతో సన్నగా తరిగి ఒక ద్రావణంలో నానబెడితే కణాల గోడలు కరిగిపోతాయి. గోడల్లేని ఆ కణాలను పళ్లెంలోని బుల్లి గుంతల్లో పోసి, గుంతకొక అనుమానితుణ్ని దింపుతారు. మిణుగురు పురుగు వెలుగు జన్యువును ముందే వాటిలో తగిలించి ఉంచుతారు. అసలు పెత్తందారు దిగిన గుంత వెలుగుతుంది. అదీ కంటికి ఆనదు, యంత్రానికే తెలుస్తుంది. చేపలు రాజలింగు సొంత కల్పన.

ఈ పనికి నారు పది రోజులూ చీకటి గదిలోనే పెరగాలి. ఎండ తగిలితే వందల జన్యువులు వాటంతటవే లేచి కూర్చుంటాయి. అప్పుడు ఏది దేన్ని లేపిందో చెప్పలేం. రాజలింగు కూడా చిన్న ఆకుపచ్చ బల్బు వెలుతురులోనే నీళ్లు చల్లేవాడు.

తొమ్మిదో రోజు ఆదివారం పడింది. ఆ రోజు అతను తల్లి గంగామణిని వెంటబెట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉండే ముక్తార్ ఆపాడు.

"లోపలికి ఎవరినీ తేవద్దన్నరు గదా లింగన్నా."

"అవ్వ ఎవరో ఎట్లయితది ముక్తార్ భాయ్?"

గంగామణి నలభై ఏళ్లుగా నాట్లేసిన మనిషి. చీకటి గదిలో ఆ బల్బు వెలుతురుకే నారు కొసలు వేళ్లతో తడిమి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"గిదేందిరా, పసిరికలైన పోరగాండ్ల లెక్క గిట్ల పాలిపోయినయ్?"

"అవి గట్లనే ఉండాలె అవ్వా."

"ఎవలు చెప్పిండ్రు? చేతిల వెట్టిన నారుకు ఎండ గూడ సూపియ్యవా? లేకుంటె దానికి గూడ ఎవలనన్న అడగాల్నా నువ్వు?"

అక్కడ దొరికిపోయాడు రాజలింగు. ఈ కేంద్రంలో తన మాటే చెల్లుతుందని రెండేళ్లుగా ఇంట్లో చెప్పుకున్నవాడు, మేడం ఒప్పుకోదని ఇప్పుడెలా అంటాడు?

"అడిగేదేముంది, ఇక్కడ నేను చెప్పిందే," అన్నాడు. నారు ట్రేలు రెండూ వరండాలోకి మోశాడు.

తల్లీ కొడుకులు వాటి పక్కనే కూర్చుని మక్కరొట్టెలు తిన్నారు. గంగామణి నారు మీద నీళ్లు చిలకరించి, స్నానం చేయించిన పిల్లల్ని చూసినట్టు చూసింది. గంట తర్వాత ట్రేలు మళ్లీ చీకట్లోకి వెళ్లాయి.

మర్నాడు సాయిలత ఆ ఆకుపచ్చ బల్బు కిందే కాడలు తరుగుతూ ఆగింది. "రాజలింగన్నా, కొసలు కొంచెం పచ్చగ కనిపిస్తున్నయేంది?"

"బల్బు రంగు మేడం."

చేపల్ని ఎగరేసిన నోటికి అదెంత! కానీ చెప్పి నవ్వుకోలేని అబద్ధం అతనికి అదే మొదటిది.

ఆ వారంలోనే మూడు వందల పన్నెండో గుంత వెలిగింది. సాయిలత పాలకోవా తెచ్చి మొదటి ముక్క అతనికే ఇచ్చింది. "నీ నారు మంచిగ రాబట్టే అన్నా," అంది. అతను దాన్ని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని అట్లాగే మరిచిపోయాడు. సాయంత్రం బస్సులో జేబుకు చీమలు పట్టాయి.

మూడు వారాల్లో ఆమె హైదరాబాద్ వెళ్లి, నిపుణుల ముందు ఆ జన్యువు పేరు చెప్పాలి. వాళ్లు సరేనంటే ఇంకో మూడేళ్లు దాని మీదే పని. అది ఎండ చేసిన మాయ అయితే, ఆమె మూడేళ్లు మట్టిలో కలిసినట్టే. హోటల్లో కథ చెప్పమంటే రాజలింగు తలనొప్పన్నాడు. మూడో రోజు వెళ్లి ఆమెతో ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

సాయిలత నవ్వింది. "మొన్న చేపలు ఎగిరినయన్నవ్. అంతకుముందు నీ నారు చూసి నెమలి ఆడిందన్నవ్. ఇయ్యాల ఇదా?"

"ఇది నిజం మేడం."

"అవి గూడ నిజమనే అన్నవ్ గదా అన్నా."

ఏం చేయాలో తోచక అతను గేటు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ముక్తార్ బీడీ ముట్టించి, "నీ మాట నమ్మరు, కళ్లకు చూపియ్యి," అన్నాడు.

రాజలింగు మళ్లీ నారు పోశాడు. చీకటి గది తాళంచెవి ముక్తార్ చేతిలో పెట్టాడు. "నేనొక్కన్నే అడిగితే ఇయ్యకు భాయ్. నీళ్లు చల్లేటప్పుడు నువ్వు పక్కనే ఉండాలె." తొమ్మిదో రోజున ఒక ట్రేను గంటసేపు ఎండలో పెట్టాడు. రెండోది కదిలించలేదు. పదో రోజు రెండూ ఆ బల్బు కిందే సాయిలత బల్ల మీద పెట్టాడు.

"ఆ మూడు వందల పన్నెండోదాన్ని ఒక్కసారి ఈ రెండిట్ల దింపి చూడుండ్రి మేడం. మల్ల మిమ్ముల ఏమడగ."

అతని ముఖం చూసి ఆమె కాదనలేకపోయింది. ఎండ చూసిన నారు కణాలు వెలిగాయి. చీకటి నారు కణాల్లో ఏమీ లేదు. అంటే ఎండకు లేచినదేదో తోడుంటే తప్ప అది ఒంటరిగా దేన్నీ లేపలేదు. ఆమె కొత్త గుంతల్లో మళ్లీ చేసింది. మూడోసారీ చేసింది. మూడుసార్లూ అంతే.

"అవ్వ పెట్టుమన్నదా ఎండల?"

"అవ్వకేం తెల్వదు మేడం. పెట్టింది నేను."

ఆమె యంత్రం కట్టేసింది. "బల్బు రంగన్నవ్."

"అన్న."

తిట్టి ఉంటే అతనికి కొంత తేలికయ్యేది. ఆమె హైదరాబాద్‌కు ఫోన్ చేసి, ఈసారి తాను రావడం లేదని, కారణం రాసి పంపుతానని చెప్పింది. తర్వాత ప్రయోగాల పుస్తకంలో ఆ ఫలితం రాసిన పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, "మొత్తం నాలుగు వందల ఎనభై మళ్లీ చేయాలె. రేపు నారు పొయ్యి," అంది. పనిలోంచి తీసేయలేదు. అన్నా అని మాత్రం పిలవలేదు.

సాయంత్రం ఎల్లారెడ్డిలో దిగి హోటల్ ముందునుంచే పోయాడు. లోపలినుంచి ఎవరో పిలిచినా తిరిగి చూడలేదు. గంగామణి వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది.

"మన నారు పచ్చవడ్డదా బిడ్డా?"

లేదనాలనుకున్నాడు, అవుననాలనుకున్నాడు. "పచ్చవడ్డది అవ్వా. గందుకే పనంత పాడైంది. నేను చెప్తే నడిచే జాగ కాదది. నేను ఆడ గిలాసలు కడుగుత."

గంగామణి చేతిలో చిక్కుడుకాయ ఆగింది. కొడుకును ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, "నారు పోతె మల్ల పొయ్యమా," అని మళ్లీ తుంచసాగింది.

తెల్లారి మొదటి బస్సుకే అతను కామారెడ్డి చేరాడు. ముక్తార్‌ను అడిగి ఒక పాత గోనెసంచి తెచ్చుకుని, చీకటి గదిలోకి వెళ్లి తలుపు మూసి, దాని కింద వెలుతురుకు సందు దొరకనంత బిగువుగా కుక్కాడు. తర్వాత నేలమీద పడుకుని, ఒక కన్ను మూసి, ఇంకా ఎక్కడైనా వెలుగు వస్తోందేమోనని చూశాడు.