బావ కుళ్ళుకున్న కొండ

డ్రాయింగు మాస్టారి బావకి ఉన్నది ఒకటే జబ్బు: ఎదుటివాడి దగ్గర ఏది బాగున్నా ఓర్వలేడు. బాగా లేకపోయినా ఓర్వలేడు. పక్కింటాయనకి జ్వరమొస్తే చూడ్డానికి వెళ్ళి, "నూట రెండా? అదీ ఒక జ్వరమేనా! నాకు నూట నాలుగు దాటింది," అని మంచం పక్కనే కూర్చుని కుళ్ళిపోయిన మనిషి.

ఆయనది పటాలకు ఫ్రేములు కట్టే దుకాణం. ఆ వీధిలో ఎవరు కొత్త చీర కొన్నా, సైకిలు కొన్నా ముందు ఆ దుకాణం ఎదురుగా ఓసారి తిప్పేవారు. బావ "బాగానే ఉందిలే" అన్నాడంటే సరుకు మర్నాడే వాపసు. మూతి ముడుచుకున్నాడంటే మేలిరకం.

మాస్టారు ఐదు నెలలు కష్టపడి ఒక బొమ్మ వేశారు. కొండ కొమ్ము మీంచి కనిపించే మైదానం: గళ్ళ దుప్పటి పరిచినట్టు పొలాలు, మధ్యలో వంకర్లు తిరిగిన ఏరు, ఆ చివర నీలంగా మరో కొండ. లైబ్రరీ హాల్లో ఒక్క గోడ ఖాళీగా ఉంది. దానికొక బొమ్మ కావాలన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత కూజాలు గీయించిన చేతికి అదే మొదటి గోడ. వచ్చే నెల రిటైర్మెంటు కాబట్టి ఆఖరిది కూడా. పోటీకి ఉన్నది ఇంకొక్కటే, బ్యాంకు మేనేజరు వేసిన హంసల జంట.

ఫ్రేముకి బావ దగ్గరికి తేక తప్పలేదు. ఇంకోచోటికి తీసుకెళ్తే అక్క ఊరుకోదు.

బావ బొమ్మ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. మొహం మాడిపోయింది.

"దూరపు కొండలు నునుపంటారు. నీ కొండకి ఆ మొటిమలేంట్రా?"

"చెట్లు బావా."

"అదీ ఒక ఏరేనా! పాలపాకెట్ చిరిగినట్టుంది."

"ఫ్రేము కడతావా, కట్టవా?"

"కడతా. నా ఖర్మ. ఎల్లుండి రా."

ఆ ఎల్లుండి ఎనిమిది రోజులైంది. "మీ బావకి తిండి సయించట్లేదురా. కంచం ముందు కూర్చుని నీ కొండని తిడుతున్నాడు," అంది అక్క.

తొమ్మిదోరోజు వెళ్ళేసరికి బొమ్మ లేదు.

"లైబ్రరీలో నేనే ఇచ్చొచ్చా. ఆ లైబ్రేరియనమ్మకి ఉన్నమాట చెప్పొచ్చా," అన్నాడు బావ.

"ఏం చెప్పావు?"

"నీ బొమ్మ చూస్తే ఒళ్ళు మండుతోందని."

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు ఈడ్చుకుంటూ లైబ్రరీకి పరుగెత్తారు.

లైబ్రేరియన్ నవ్వుతూ ఎదురొచ్చింది. "మీ బావగారు మేనేజరుగారి హంసలు చాలా బాగున్నాయన్నారండీ. మెడలు మరీ ముచ్చటగా ఉన్నాయట."

మాస్టారు తన బొమ్మని వెనక్కి తీసుకుపోదామని చుట్టూ వెతికారు.

"తర్వాత మీ బొమ్మని అరగంట తిట్టారు. ఎనిమిది రోజులు వెతికినా ఒక్క తప్పూ దొరకలేదని ఏడుపొక్కటే తక్కువ! ఇంకేం కావాలండీ? హంసల్ని అప్పుడే వెనక్కి పంపేశాం."

మాస్టారు తిరిగి దుకాణానికి వచ్చారు. "బాగుందని ఒక్క ముక్క చెప్తే పోయేదిగా బావా?"

"బావమరిది బొమ్మని బావ మెచ్చుకుంటే ఎవడు నమ్ముతాడ్రా?" బావ మేకులు ఏరుకుంటూ అన్నాడు. "నా కుళ్ళుకైతే ఊళ్ళో పరపతి ఉంది. పైగా అబద్ధమాడలేదు. నిజంగానే మండింది."

బొమ్మ గోడెక్కిన రోజు వీధివీధంతా వచ్చింది. మాస్టారు పక్కనే నిలబడి చెవులు రిక్కించారు. ముందున్న పెద్దాయన కొండని చూశాడు, మైదానాన్ని చూశాడు, అంచు మీద చెయ్యి పెట్టి తడిమాడు.

"ఆహా, ఏం ఫ్రేమండీ!"

వెనకవాళ్ళంతా అవునవునన్నారు. మాస్టారి మొహం కందగడ్డయింది. బావ వచ్చి ఆప్యాయంగా భుజం మీద చెయ్యేశాడు.

"ఎక్కడ్రా మంట, పొట్టలోనా, ఛాతీలోనా? కొత్తలో అలాగే ఉంటుంది. మంచినీళ్ళు తాగు."