ఒక్క ఊపిరిలో గోవింద

వడమాలపేట చెంగల్రాయ బావకు,

నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించు. ఈ రోజు జరిగింది ఈ రోజే నీకు చెప్పుకోవాలనిపించింది.

పొద్దున ఒక ముసలమ్మను డోలీలో తిరుమలకు మోస్తూ మోకాళ్ల పర్వతం దగ్గర దించాము. మన కట్టుబాటు నీకు తెలుసు. "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా" అని నలుగురూ ఒక్కొక్కరుగా, ఒక్క ఊపిరిలో అనగలిగేదాకా డోలీ ఎత్తకూడదు.

ముగ్గురూ అన్నారు. నాకు "వెంకటరమణా" దగ్గరే ఊపిరి తెగింది. ఇంకాసేపు కూర్చున్నాను. చెమట చల్లబడింది కానీ గుండె రోకటిపోటులా కొట్టుకుంటూనే ఉంది. మళ్లీ అన్నాను, మళ్లీ అక్కడే తెగింది. మా నలుగురిలో చిన్నవాడు మునిరత్నం వినపడనట్టు డోలీ కొయ్య కింద భుజం పెట్టాడు.

"లెయ్ మామా, అనేసినావు గదా. పోదాం."

"అన్లేదురా. దించు."

ఇదే మాటతో నేను ఎందరిని ఆపలేదు?

ముసలమ్మ డోలీ దిగి, నా పక్కన కూర్చొని విసనకర్రతో విసిరింది. "ఇంతమందిని మోసినావే, నిన్ను మోసేదానికి ఎవురుండారప్పా?" అంది. నవ్వొచ్చింది. నవ్వడానికీ ఊపిరి చాలలేదు.

కొండ మీది నుంచి ఖాళీగా దిగుతున్న ఇంకో డోలీ మోసేవాడు నా చోట భుజం పెట్టాడు. డోలీ మలుపు తిరిగేదాకా చూసి, ఒట్టి చేతులతో మెట్లు దిగి వచ్చాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నువ్వు నాకంటే ముందే కొయ్య వదిలావు. నీ భుజం ఆ బరువును మరిచిపోవడానికి ఎన్నాళ్లు పట్టింది బావా? ఆలస్యం చేయకుండా ఒక కార్డు రాయి.