టీవీ సిస్టరు కాళ్లు

మా కొండమీది ఆసుపత్రికి టీవీ వచ్చిన రోజున సినిమా వేస్తారని ఊరంతా వచ్చి కూర్చుంది. తెర వెలిగింది. అందులో తెల్లచీర కట్టుకున్న నడివయసు నర్సొకావిడ కనిపించి, "అందరూ బాగున్నారా?" అంది. సగం మంది లేచి వెళ్లిపోయారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆ ఆసుపత్రి కాన్పుల వార్డుకి దూరపు ఊరి నుంచి స్టాఫ్ నర్సుగా వచ్చిన నేనొక్కదాన్నే దిక్కు. డాక్టరుగారు ఘాట్ రోడ్డు దయతలిస్తే వచ్చేవారు. అందుకని కింద మైదానంలోని పెద్దాసుపత్రివాళ్లు మా డాబా మీద డిష్షు బిగించి, వార్డులో టీవీ, కెమెరా పెట్టారు. అక్కడి సీనియర్ సిస్టరు రోజూ తెరలోంచి మా గర్భిణుల్నీ బాలింతల్నీ చూసి, నాకు సలహా చెప్పాలి. ఇన్నాళ్లకి తోడు దొరికిందని నేను మురిసిపోతుంటే, మా ఆడవాళ్లు తెరకి వీపు తిప్పి కూర్చునేవారు.

వానాకాలం దాకా చూస్తామనీ, అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే పెట్టె ఇంకో ఆసుపత్రికి పంపేస్తామనీ కింది నుంచి కబురొచ్చింది. నాకు ఒళ్లు మండింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇస్తానన్నా పుచ్చుకునేవాళ్లు లేరు.

పొద్దున్నే లైను కలవగానే వరండాలోకి వెళ్లి, "సిస్టరొచ్చింది, బేగి రండి" అని కేకేసేదాన్ని. వచ్చేవారు. ముందు గుమ్మం వైపు చూసేవారు. తర్వాత తెర చూసి మూతి ముడుచుకునేవారు.

దీనికి తోడు ఒక ముసలమ్మ. జి.మాడుగుల వైపు నుంచి నెలలు నిండిన కోడల్ని తీసుకొచ్చి, కాన్పయ్యేదాకా అక్కడే మకాం పెట్టింది. రోజూ చెంబుతో నీళ్లు తెచ్చి సరిగ్గా టీవీ బల్ల కింద, వైర్ల పక్కన పెట్టేది. నేను పారబోసేదాన్ని. మళ్లీ పెట్టేది. "మామ్మా, వైర్ల కాడ నీళ్లేటి? కరెంటు కొడితే పోతావు" అని అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒకరోజు ఆ కోడలు తలనొప్పంటూ పడుకుంది. తెరలోంచి సిస్టరు, "కాళ్లు వాచాయేమో, ఒకసారి చూపించమ్మా" అంది. ఆ పిల్ల కాళ్లు చీరలోకి లాక్కుంది. ముసలమ్మ లేచి వెళ్లి టీవీ ముందు నిలబడింది.

"మా కోడలు గుంట కాళ్లు తరవాత సూద్దువు గానీ, ముందు నీ కాళ్లేవి?"

సిస్టరు బిత్తరపోయింది. నాకు మాత్రం చప్పున తట్టింది. దెయ్యం! దెయ్యాల కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయని మా అమ్మమ్మ చిన్నప్పుడు చెప్పి చెప్పి నన్ను హడలగొట్టింది. నడుము కింద ఏముందో కనిపించని మనిషిని ఎవరు నమ్ముతారు?

"మేడమ్, ఏమనుకోకుండా ఒకసారి కుర్చీ ఎక్కండి" అన్నాను మైకులో. ఆవిడ భారీ మనిషి. అయినా ఆపసోపాలు పడుతూ ఎక్కి, కుచ్చిళ్లు కాస్త ఎత్తి, రెండు పాదాలూ కెమెరాకి ఎదురుగా నిలిపింది. ఒక వేలికి మెట్టె, పక్క వేలికి బ్యాండేజీ.

ముసలమ్మ తీరిగ్గా చూసి, "ఉన్నాయి" అంది. వంగి, చెంబు బల్ల కింద ఒంపేసింది. నేను లబోదిబోమంటూ గోనెపట్టాతో తుడుస్తుంటే, కోడలి వైపు తిరిగి, "ఇప్పుడు సూపించే" అంది.

ఆ పిల్ల కాళ్లు బూరెల్లా పొంగి ఉన్నాయి. బీపీ చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. సిస్టరు అక్కడి డాక్టరుని పిలిచింది. ఆయన చెప్పిన ఇంజెక్షన్ ఇచ్చి జీపెక్కించాం. కింద కాన్పయింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమమని తెలిశాకే నేను అన్నం తిన్నాను.

ఆ తర్వాత అదే రివాజైంది. లైను కలవగానే సిస్టరు కుర్చీ ఎక్కడం, ఎవరో ఒకరు నీళ్లు ఒంపడం, నేను తిట్టుకుంటూ తుడవడం. ఆ పైన ఆడవాళ్లు నోరు విప్పితే ఆపడం మా తరం కాదు. పెట్టె కదల్లేదు సరికదా, సీలేరు, డొంకరాయి వైపు కూడా పెట్టాలని మీటింగు వేశారు. ఇంతమంది చేత ఎలా మాట్లాడించావని నన్నడిగారు. "ముందు దెయ్యం భయం పోగొట్టాలండి" అన్నాను గొప్పగా. కొత్త నర్సుల శిక్షణలో దాన్నొక పాఠం చేశారు. కాళ్లు చూపించడానికి ఎత్తు పీటలు కూడా మంజూరయ్యాయి.

మా ఆసుపత్రిలో పెట్టిన ఆ శిక్షణకి టీవీ సిస్టరే మొదటిసారి కొండెక్కింది. ఘాట్ మలుపులకి వాంతులు చేసుకుని, వాడిన తోటకూర కాడలా జీపు దిగింది. మనవరాలికి టీకా వేయించడానికి వచ్చిన ముసలమ్మ వరండాలో ఉంది. సిస్టరుని చూడగానే పిల్లని కోడలికిచ్చి, చెంబు నింపి తెచ్చి, రెండు పాదాలూ తడిసేలా నెమ్మదిగా నీళ్లు పోసింది.

"దెయ్యం కాదని ఇప్పటికైనా నమ్మకం కుదిరిందా మామ్మా?" అన్నాను, కొత్త నర్సులు వినాలని.

ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "దెయ్యమేటి? సిస్టరొచ్చింది, సిస్టరొచ్చింది అని రోజూ అరిసీదానివి నువ్వే కదా. వొచ్చిన మనిసికి కాళ్లకి నీళ్లియ్యకుండా మా కట్టం ఎలాగ సెప్పుకుంతాం? నీళ్లెడితే నువ్వు పారబోసీదానివి. కాళ్లు కనపడితే కదా పోసీది."

కొత్త నర్సులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సిస్టరు తడికాళ్లతో నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

ముసలమ్మ చెంబులోకి తొంగి చూసింది. కాసిని నీళ్లు మిగిలాయి.

"నువ్వూ దూరం నుంచొచ్చినదానివే. నువ్వొచ్చిన్నాడు నేను లేను" అని అవి నా కాళ్ల మీద పోసింది.

నాకు ఏడుపొచ్చేసింది. ఆ రోజు గోనెపట్టా కోసం వెళ్లలేదు.