ఆఖరి ఆదివారం పట్టిక

ఐటీ మంచి ఊపు మీదున్న రోజుల్లో, సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో నా ఉద్యోగం ఏమిటంటే జన్మలో చూడని బేస్‌బాల్ ఆటకి లెక్కలు కట్టడం. ఒక అమెరికన్ వెబ్‌సైట్ వాళ్ళ పని అది. అక్కడ రాత్రి ఆటలు సాగుతుండగా మాకు తెల్లారేది. ఎనిమిదింటికల్లా కూర్చుని, ఆ సీజన్‌లో ఎవరు ఎక్కువ బేసులు దొంగిలించారో ఆ పట్టిక సరిచేసేవాళ్ళం. దొంగతనమంటే ఏం లేదు, బంతి విసిరేవాడి కళ్ళుగప్పి తర్వాతి బేస్‌కి, అంటే మైదానంలో తర్వాతి మజిలీకి, పరుగెత్తడమే.

నాతో పనిచేసే, నేను 'అన్నా' అని పిలిచే ఆయనది అనంతపురం, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. పట్టికలో రెండో స్థానంలో ఉన్న ఆటగాణ్ణి ఎందుకో సొంతం చేసుకున్నాడు. వాడి ముఖం కూడా ఎరగడు. పొద్దున్నే కాఫీ పట్టుకొచ్చి, "మనోడు నిన్న ఎన్ని కొట్టేసినాడప్పా?" అనేవాడు. "నిన్న బుద్ధిమంతుడిలా నిలబడ్డాడన్నా" అని నేను ఏడిపించేవాణ్ణి. సీజన్ అయిపోగానే భార్యనీ నాలుగేళ్ళ కూతురినీ తెచ్చుకోవాలని ఆయన ఆశ. పాసిర్ రిస్‌లో ఫ్లాట్ కూడా మాట్లాడుకున్నాడు.

సీజన్ ఆదివారంతో ఆఖరని మెయిల్ వచ్చింది. ఆ అర్ధరాత్రికి పట్టిక మూతపడేలా ప్రోగ్రామ్ రాసింది నేను. సింగపూర్ గడియారం ప్రకారం రాశాను. ఇక్కడ ఆదివారం అయిపోయేసరికి అక్కడింకా మధ్యాహ్నమేననీ, ఆఖరి ఆటలు మొదలే కాలేదనీ తట్టలేదు. రోజూ చేసే పనే, అయినా తట్టలేదు. సీనియర్ కాబట్టి దాన్ని సరేనన్న కాగితం మీద సంతకం మాత్రం ఆయనది.

సోమవారం మాకు సెలవిచ్చారు. "మనోడు ఒక్క బేస్ తక్కువతో ఆగిపోయినాడు. ఎందుకో మనసు ఒప్పడంల్యా. ఆఫీసుకు పోయి చూద్దామా?" అన్నాడు. "అంతా అయిపోయిందన్నా, రండి" అని నేనే ఫ్లాట్ చూడ్డానికి లాక్కెళ్ళాను. కిటికీ పక్కన కూతురి మంచం పడుతుందా అని ఆయన జానలతో కొలుస్తుంటే ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఆఖరి రోజు మనోడు రెండు బేసులు దొంగిలించి మొదటివాడయ్యాడట. మా పేజీలో మాత్రం ఓడినవాడే విజేత.

మేనేజర్ గదిలో ఇద్దరం నిలబడ్డాం. పట్టిక మూసిందెవరని అడిగాడు. నేను తల దించుకున్నాను. అన్న నావైపు ఒకసారి చూసి, "నేనే సార్" అన్నాడు.

బయటికొచ్చాక, "మీ ఇంటామె కడుపుతో ఉంది గదప్పా. మావాళ్ళింకా ఊర్లోనే ఉండారు, నాకేం" అన్నాడు. ఆ మాటకి నేను ఏడవాల్సింది. బతికిపోయాననుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

ఆయన ఉద్యోగం పోయింది, దాంతోపాటు ఇక్కడ ఉండే పర్మిట్టూ పోయింది. ఎయిర్‌పోర్టులో ఆయన చేతిసంచిలోంచి కూతురి మంచానికని కొన్న బొమ్మల దుప్పటి కొస బయటికి కనిపిస్తోంది. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "మనోడి పేరు సరిచేసినారా?" అని అడిగాడు.

"చేశామన్నా. పైన పెట్టాం."

"అంతే చాలు. వాని కష్టం వానికి దక్కాల గదా" అని నిజంగానే సంతోషపడ్డాడు.

పట్టికలో ఆ పేరు మార్చడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. తప్పు ఎవరిదో రాసిన ఆఫీసు ఫైల్లో పేరు మార్పించడానికీ అంతకన్నా పట్టేది కాదు. ఆ కంపెనీలో ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాను. తొమ్మిదేళ్ళూ అక్కడ ఆయన పేరే ఉంది.