పెద్దబాపు ఆఖరి రికార్డింగ్

దయ్యాల ముచ్చట్లు మొదలైతే లేచి పక్కకు పోయే మనిషిని నేను. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తాను. మైక్రోస్కోప్‌లో కనిపించిందే రాసి ఇవ్వడం నా పని. హుజూర్‌నగర్ చర్చిలో జరిగింది మాత్రం ఏమని రాయాలో తెలియదు.

మా నాన్న అన్న శామ్యూల్‌ను పెద్దబాపు అని పిలిచేదాన్ని. బడిలో సారు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో పియానో నేర్చుకున్నాడు. పాటలకు తోడుగా వాయించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఆరాధన అయి అందరూ వెళ్లాక, చర్చిలోని పాత పియానో ముందు ఒక్కడే కూర్చునేవాడు. నేను వెనక బెంచీలో కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసేదాన్ని.

వాటిలో నాకు బాగా ఇష్టమైనది వానలో తీసింది. రేకుల మీద చినుకులు జోరందుకునే కొద్దీ ఆయన నెమ్మదిస్తాడు. ఇంకోదాంట్లో మధ్యలో చిన్నగా నవ్వుతాడు. ఎందుకో అడగలేదు.

ఆఖరిది ఎడమ చెయ్యికి పక్షవాతం వచ్చాక తీసింది. పెళ్లయిన కొత్తలో పెద్దమ్మ కోసం కట్టిన బాణీ. సగంలో ఆగి, "ఇగ చెయ్యి వస్తలేదు బిడ్డా, బంద్ చెయ్" అంటాడు. అంతే ఉంటుంది. ఆ నెలలోనే పోయాడు.

ఏడాదికి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పట్టపగలు. పెద్దమ్మ అడిగితే ఆ రికార్డింగే స్పీకర్‌కు కలిపాను. సగం దాకా వచ్చింది. ఆయన మాట రాలేదు. వాయించడం ఆగలేదు. పడిపోయిన ఆ ఎడమ చెయ్యి వాయించాల్సిన మంద్ర స్వరాలు కూడా తడబాటు లేకుండా సాగాయి, బాణీ ముగిసింది.

పియానో వైపు చూశాను. మూత వేసి, గుడ్డ కప్పి ఉంది.

"సగంలనే ఆగుతదంటివి కదమ్మా. గిది మొత్తం ఎప్పుడు తీసినవ్?" అని పాస్టర్ గారు అడిగారు. అక్కడే మళ్లీ పెట్టాను. సగంలో ఆగింది. వేరే ఫోన్‌లోకి, కంప్యూటర్‌లోకి ఎక్కించి విన్నా సగమే. కూడికకు వచ్చినవాళ్లను విడివిడిగా అడిగితే, చివరి దాకా విన్నామనే అన్నారు.

ఆ రోజు తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నన్ను తీస్కపోనీకి వచ్చిండు బిడ్డా" అంది. గట్ల మాట్లాడకు అని కసిరాను. భయమేసి పరీక్షలన్నీ చేయించాను. రిపోర్టులు నేనే చూశాను, ఏమీ లేదు. వారం తిరక్కముందే, పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే పోయింది.

గుండె ఆగిందన్నారు. అయ్యుండొచ్చు. ఆ రోజు మేమంతా విన్నదేమిటో ఎవరూ చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేను.

వానలో తీసింది ఇప్పటికీ వింటాను. ఆఖరిది పెట్టను. మళ్లీ చివరి దాకా వినిపిస్తే, అది ఎవరి కోసమోనని భయం.