మొదటి మాటా, తెల్ల జాకెట్టూ

గుడ్ ఫ్రైడే నాడు యేసుప్రభువు శిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం మా సంఘంలో ఆనవాయితీ. ఆ ఏడాది మొదటి మాట నాకొచ్చింది. తనకు మేకులు కొట్టినవాళ్ళకు తామేం చేస్తున్నారో తెలియదు పాపం, క్షమించమని తండ్రిని వేడుకున్న మాట అది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, పది నిమిషాలు మాట్లాడటం నాకో లెక్కా? పైగా గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులూ పగటిపూట ఉపవాసంతో పాటు కోపం కూడా మానేస్తానని స్త్రీల సమాజంలో అందరి ముందూ చెప్పి ఉన్నాను. మిగతావాళ్ళు మాంసం మానేశారు.

"నువ్వూ చికెన్ మానేస్తే సరిపోయేది కదా" అన్నారు మా ఆయన.

ఆ రోజు అందరం తెల్లబట్టలే కడతాం. నా చీర బాగానే ఉంది గానీ జాకెట్టు పసుపు తిరిగిపోయింది. కొత్త గుడ్డ కొని తిరుమలగిరి బజారులో నాకెప్పుడూ కుట్టే దర్జీకి ఇచ్చాను. నాకంటే పెద్దాయన. భుజం దగ్గర ముడత పడకుండా ఆయన కుట్టినట్టు ఇంకెవరూ కుట్టరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఆయనకది రంజాన్ నెల. అయినా నాకు మంచినీళ్ళు ఇవ్వబోయాడు. "నాకూ ఉపవాసమే భాయ్" అని నేను కాస్త గొప్పగానే చెప్పాను.

చెప్పిన రోజుకు వెళ్ళాను.

"కటింగ్ అయిపోయింది, కుట్టుడే ఉన్నది. పండుగ ఆర్డర్లు గుట్టలు పడ్డయి. జెర సబర్ చెయ్యండమ్మా."

మళ్ళీ వెళ్తే "బుధవారం పక్కా" అన్నాడు. బుధవారం వెళ్తే కొట్టు మూసి ఉంది. యాప్రాల్‌లో మా ఇంటి నుంచి ఆ ఎండలో ఆటోలో వెళ్ళడం, "పర్వాలేదు" అని నవ్వి రావడం. తిరిగొస్తూ ఆటోలో ప్రసంగానికి పాయింట్లు రాసుకునేదాన్ని. క్షమించడం బలహీనత కాదు, బలం. ఇలాంటివి.

గురువారం కొట్టు తెరిచే ఉంది. నన్ను చూసి ఆయన బల్ల కింద వెతికి ఒక సంచీ తీశాడు. నేనిచ్చిన సంచీయే. నేను వేసిన ముడి అలాగే ఉంది.

"కటింగ్ అయిందన్నరు గద భాయ్!"

"అయిందనే అనుకున్న అమ్మా. అది వేరేవాళ్ళది ఉండె."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంత వయసొచ్చింది, నెలంతా ఉపవాసముంటరు, నోట్ల ఒక్క నిజం లేదు. ఎవరి కోసం ఉంటున్నరు ఆ ఉపవాసం?" అని అరిచాను. కొట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఆయన ముడి విప్పుతూ, మెల్లగా "మీరు సుత ఉపవాసమే గద అమ్మా" అన్నాడు.

సంచీ అక్కడే వదిలేసి వచ్చాను. దారంతా నాలో నేనే వాదించుకున్నాను. ప్రభువు క్షమించమన్నది తెలియక చేసినవాళ్ళను. ఈయనకు తానేం చేస్తున్నాడో అంతా తెలుసు. కాబట్టి ఈయన ఆ మాట కిందికి రాడు. ఆ పాయింటు మాత్రం కాగితం మీద పెట్టలేదు.

మర్నాడు పాత జాకెట్టే తొడుక్కుని, పైట భుజాల నిండా కప్పుకుని మాట్లాడాను. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అయిపోయాక పాస్టరమ్మగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ జీవితంలోంచి వచ్చిన మాటలు సిస్టర్ అవి."

అవునంటే అబద్ధం, కాదంటే కథంతా చెప్పాలి. "దేవునికే మహిమ" అనేసి బయటపడ్డాను.

శనివారం పొద్దున్నే కొట్టుకు వెళ్ళాను. ఏం చెప్పాలో ఆటోలో నాలుగుసార్లు అనుకున్నాను. ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు ముందు పెట్టి "నిన్న రాలేదేందమ్మా, పొద్దుగాలే కుట్టి పెట్టిన" అన్నాడు.

"మొన్న నోరు జారాను భాయ్. మనసులో పెట్టుకోకండి."

"మొన్న అంటే?"

"గురువారం. మీ ఉపవాసాన్ని కూడా తప్పుపట్టాను."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "గురువారం శానామంది తిట్టిండ్రమ్మా. ఒకామె అయితే గుడ్డ మొఖం మీదనే కొట్టింది. మీరేమన్నరో యాదికొస్తలేదు."

హమ్మయ్య అనుకోవాల్సింది. కానీ ఏదో చిన్నతనంగా అనిపించింది. నలభై రోజుల నిష్ఠ మంటగలుపుకుని చేసిన పాపం, రెండు రాత్రులు నిద్ర పట్టనివ్వని పాపం, ఆయనకు అసలు గుర్తే లేదు!

"అబద్ధాలకోరు అన్నట్టు కూడా అన్నాను" అని గుర్తుచేశాను.

"అవునా? సరే తియ్యండి" అని మిషన్ వైపు తిరిగాడు.

ఈస్టర్ పొద్దున తొడుక్కుంటే కుడి చెయ్యి బిగుతైంది. చెయ్యి భుజం దాటి పైకి లేవదు. "వెళ్ళి చెప్పరాదూ, వదులు చేసిస్తాడు" అన్నారు మా ఆయన.

వద్దన్నాను. చెప్పడానికి వెళ్తే తిడతాను, తిడితే మళ్ళీ క్షమాపణకు వెళ్ళాలి. ఆ రోజు ఆరాధనలో అందరూ రెండు చేతులెత్తి స్తుతిస్తుంటే నేను ఎడమ చెయ్యి ఒక్కటే ఎత్తాను.